‘ఏ లెక్కన?’ అని పిల్లలను అడగనివ్వండి

సైన్సు ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు, బడులను తనిఖీ చేసే అధికారులకు ఉద్దానం నుంచి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. మీలో చాలామంది సుద్దముక్క పట్టి పైకి వచ్చినవాళ్లే, మీ పనిభారం నాకు తెలుసు. అందుకే పిల్లలు వస్తువులను విడదీసి నేర్చుకునే పాఠం గురించి మొదట బయటికి రాకుండా మూడు అర్జీలు పెట్టుకున్నాను. ఒకదానికి ‘చూస్తాంలే మాస్టారూ’ అని నోటిమాట వచ్చింది. మిగతా రెండింటికి అదీ లేదు. ఏడాది దాటింది కాబట్టి ఇక నలుగురి ముందూ చెప్పుకుంటున్నాను.

జరిగింది ఇది. కిందటి విద్యా సంవత్సరంలో ఒక మధ్యాహ్నం ఆరో తరగతి గదిలో గోనెసంచులు పరిచి, పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన సామాన్లు వాటి మీద పోశాం. చొక్కా బొత్తాలు, సోడా మూతలు, ప్లాస్టిక్ మూతలు, పిన్నీసులు, చింతపిక్కలు, జీడిపిక్కలు, గవ్వలు, ఆల్చిప్పలు, వల తాడు ముక్కలు, పాత తాళంచెవులు, ఉప్పుగల్లు, కొవ్వొత్తి ముక్క, రూపాయి బిళ్లలు. ఐదుగురేసి ఒక జట్టు. మీకు తోచినట్టు విడదీయండి, కాని ఏ లెక్కన విడదీశారో చెప్పాలి అన్నాను. సరిగ్గా ఆ గొడవ మధ్యలో తనిఖీకి వచ్చిన ఒక అధికారి గుమ్మంలో నిలబడి ‘ఏంటీ చెత్త?’ అన్నారు. ‘చెత్త కాదు సార్, వర్గీకరణ’ అన్నాడు ముందు కూర్చున్న పిల్లవాడు. ఆయన నవ్వి ఉంటే ఈ లేఖ అవసరమే ఉండేది కాదు.

సందర్శకుల పుస్తకంలో మూడు ముక్కలు రాసి వెళ్లారు: గది శుభ్రంగా లేదు, వర్క్‌బుక్ వెనకబడి ఉంది, కాలయాపన. వర్క్‌బుక్ నాలుగు పేజీలు వెనకబడిన మాట నిజమే, ఒప్పుకుంటాను. మిగతా రెండూ ఒప్పుకోను. ఆ సామాన్ల ట్రంకు పెట్టెను వరండాలోకి మార్చమన్నారు, మార్చాం. వానాకాలంలో సగం సరుకు తడిసి పోయింది. 2018లో తిత్లీ తుపాను ఈ ఊళ్ల మీదుగా పోయినప్పుడు కూడా చెక్కు చెదరని పెట్టె అది, ఒక రిమార్కుకు పాడయింది. ఆ అధికారి పేరు ఇక్కడ రాయను. ఆయన ఒక్కరి తప్పు కాదిది. పిల్లలు నిశ్శబ్దంగా రాస్తుంటే చదువు, మాట్లాడుకుంటుంటే అల్లరి అని మనందరికీ అలవాటైపోయింది.

ఆ రోజు ఆ గదిలో ఏం జరిగిందో ఆయన అరగంట ఆగి ఉంటే కనిపించేది. ఒక జట్టు రంగు లెక్కన విడదీసింది. ఇంకో జట్టు ‘పాత సామాన్లవాడు కొనేవి, కొననివి’ అని రెండే కుప్పలు పెట్టింది. నాకు ముచ్చటేసింది, ఇంటి దగ్గర రోజూ చూసే లెక్క అది. అప్పుడు నేను అడిగేది ఒక్కటే. మీ కుప్పలోంచి కళ్లు మూసుకుని ఒక వస్తువు తీస్తాను, దాని గురించి మీకు ఇంకేం తెలుసో చెప్పండి. ఎరుపు కుప్పలోంచి తీస్తే ‘ఎర్రగా ఉంటుంది’ అని తప్ప ఇంకేమీ చెప్పలేకపోయారు. లోహాల కుప్ప పెట్టిన జట్టు మాత్రం ఎండలో త్వరగా కాలుతుంది, దాని గుండా కరెంటు పారుతుంది, కొడితే ముక్కలవకుండా సాగుతుంది అని వరసగా చెప్పింది. ఏ లెక్క పనికొస్తుందో, ఏది ఊరికే సర్దడానికి పనికొస్తుందో పిల్లలకు అప్పుడు తట్టింది. పాఠ్యపుస్తకంలో ‘ప్రమాణం’ అనే మాటను నేను ఆరేళ్లుగా నిర్వచనం చెప్పి రాయిస్తున్నాను, ఒక్కరికి కూడా ఇంతగా ఎక్కలేదు.

తర్వాత అయస్కాంతం ఇచ్చాను. ఇప్పటి రూపాయి బిళ్ల టక్కున అంటుకుంది. ఎవరి తాతగారి డబ్బాలోదో పాత పెద్ద రూపాయి బిళ్ల అంటుకోలేదు. రెండూ రూపాయే కదా మాస్టారూ అని గోల. పాతది రాగి, నికెల్ కలిపి చేసినది, 1992 నుంచి వచ్చినవి అయస్కాంతానికి అంటుకునే స్టీలువి. పేరు ఒకటే అయినంత మాత్రాన గుణం ఒకటి కాదని పన్నెండేళ్ల పిల్లలు ఒక నాణెం పట్టుకుని వాదించుకున్నారు. కాలయాపన అంటే ఇదే అయితే వారానికి ఒకసారి చేయిస్తాను.

మరుసటి వారం ఒక విద్యార్థిని తల్లిని బడికి పిలిచాను. పలాస జీడి పరిశ్రమలో పప్పు ఏరే పని ఆమెది. చేటలో ఒక గుప్పెడు పప్పు పోసుకుని కూర్చుంది. ‘ముందు గుండా, బద్దా చూస్తాం మాస్టారూ. గుండయితే అప్పుడు రంగు. తెలుపయితే అప్పుడు సైజు’ అంది. ముందే సైజు చూస్తే ఏమవుతుందమ్మా అని అడిగాను. ‘బద్దకి సైజేటి మాస్టారూ?’ అని నవ్వింది. ఏ ప్రశ్న ముందు అడగాలి, ఏది తర్వాత అడగాలి అనేదాన్ని ఇంతకన్నా బాగా చెప్పిన వాక్యం నాకు ఏ శిక్షణ తరగతిలోనూ వినపడలేదు. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని డబ్బాల మీద ఉండే గుర్తులకు అర్థం కూడా ఆమే చెప్పింది. 320 రకం అంటే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండు పప్పులు తూగుతాయి. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. 1778లో ఫ్రాన్స్‌లో లామార్క్ అనే ఆయన మొక్కలను గుర్తుపట్టడానికి మెట్టుకు రెండేసి దారులు ఇచ్చి ఒకటి ఎంచుకుంటూ పొమ్మని పుస్తకం రాశాడు. జీవశాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాడే పద్ధతి అది. మా పిల్లలకు ఆ పద్ధతి ఆ తల్లి చేటలో కనపడింది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి ‘మా అమ్మ జీడి పనికెళ్తాది’ అని తల దించుకోకుండా చెబుతోంది. ఇది ప్రశ్నపత్రంలోకి రాదు, నాకు తెలుసు.

వచ్చేవి ఏమిటో చూద్దాం. మా పిల్లలు రాసిన ఒక పరీక్షలో ‘భిన్నమైన దానిని గుర్తించండి’ కింద నాలుగు ఇచ్చారు: చెక్క ముక్క, కొబ్బరికాయ, ప్లాస్టిక్ మూత, ఇనుప మేకు. మా క్లాసులో ఒక అబ్బాయి ‘ఇనుప మేకు, అదొక్కటే నీళ్లలో మునుగుతుంది’ అని రాశాడు. మత్స్యకారుల ఇంటి పిల్లవాడు, ఏది తేలుతుందో ఏది మునుగుతుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. జవాబుల పట్టికలో మాత్రం ‘ప్లాస్టిక్ మూత, మనిషి తయారుచేసినది’ అని ఉంది. సున్నా వేయాల్సి వచ్చింది. మరి మేకు ఏ చెట్టుకు కాసింది? పట్టిక రాసినవారి లెక్కనే చూసినా మేకూ మనిషి చేసిందే కదా. ఈ ప్రశ్నకు కనీసం మూడు సరైన జవాబులున్నాయి. ‘ఎందుకు?’ అని ఒక గీత ఇచ్చి ఉంటే చాలు, ఇది చక్కటి ప్రశ్న అయ్యేది.

గవ్వ సంగతీ అంతే. సజీవి, నిర్జీవి అని రెండే గళ్లిస్తారు. గవ్వను ఎందులో రాయాలి? కదలదు, తినదు, పెరగదు, కాబట్టి గైడులో నిర్జీవి. ఒక ప్రాణి తన ఒంటి చుట్టూ కట్టుకున్న ఇల్లు కదా సార్ అంటుంది పిల్ల. మా క్లాసులో మూడో గడి గీసుకున్నాం, ‘జీవుల నుంచి వచ్చినవి’ అని. చింతపిక్క దగ్గర మళ్లీ గొడవ వచ్చింది, నాటితే మొలుస్తుంది కదా అని. ఆ గొడవ ఇంకా తెగలేదు. నేనూ తెంచలేదు.

లెక్క మార్చుకోవడం తప్పు కాదని చెప్పడానికి నేను లినేయస్ కథ చెబుతాను. జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామం పెట్టే పద్ధతిని స్థిరపరిచినాయన. 1735లో తన గ్రంథం మొదట అచ్చయినప్పుడు తిమింగలాన్ని చేపల్లో పెట్టాడు. 1758లో పదో కూర్పు వచ్చేసరికి తీసి క్షీరదాల్లో పెట్టాడు. అంతటివాడికి 23 ఏళ్లు పట్టిన దిద్దుబాటును మావాళ్లు 23 నిమిషాల్లో చేసుకుంటే, దాన్ని ‘కొట్టివేతలు ఎక్కువ’ అని నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో ఎందుకు రాయాలి?

ఇదంతా ఒక మాస్టారి ముచ్చట అనుకోకండి. విడదీయడం సరిగా రాని చదువు ఇళ్లలోకి వెళ్లి ఏం చేస్తుందో మా ఊళ్లలో చూసినవి కొన్ని రాస్తాను.

1. పురుగుమందు డబ్బా. ప్రతి డబ్బా మీదా డైమండ్ ఆకారపు గుర్తు ఉంటుంది, దాని కింది సగానికి ఒక రంగు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇది విష తీవ్రత లెక్కన చేసిన వర్గీకరణ. ఎరుపు అన్నిటికన్నా తీవ్రం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. మా క్లాసులో పిల్లలను ఇంట్లో అడిగి రమ్మంటే వచ్చిన జవాబులు వినండి. పచ్చ గుర్తుది కూరగాయలకు, పసుపు గుర్తుది కాయ పండే ముందు కొట్టడానికి అని ఒక తండ్రి. పచ్చది ఏమీ చెయ్యదు, చేత్తో కలిపినా ఫర్వాలేదు అని ఇంకొకరు. రంగులు అందరికీ కనిపిస్తున్నాయి, అవి ఏ లెక్కన వేసినవో ఎవరికీ తెలియదు. ఆకుపచ్చ కూడా విషమే, మోతాదు తేడా అంతే. ఈ ఒక్క సంగతి ఆ రోజు ఇరవై ఎనిమిది ఇళ్లకు వెళ్లింది, పిల్లల నోటి మీదుగా. నా వర్క్‌బుక్ నాలుగు పేజీలు వెనకబడింది ఆ వారంలోనే.

2. పాము. మా వైపు పాము కనపడితే కర్ర తీస్తారు. జెర్రిపోతు, నీరుకట్టు, నాగుపాము, అన్నిటికీ ఒకటే కర్ర. జెర్రిపోతుకు విషం లేదు, వరిచేలో ఎలుకలను తినేది అదే. దాన్ని చంపుకుని ఎలుకల మందు కొనుక్కుంటున్నాం. దీనికి వ్యతిరేకం కూడా ఉంది. కట్లపామును పోలిన, విషం లేని పాములున్నాయి. రాత్రి కరిచింది ఆ చారల పామేలే అనుకుని తెల్లారేదాకా పడుకునేవాళ్లున్నారు. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా పెద్దగా పెట్టదు. (పామును దగ్గరకెళ్లి పరిశీలించమని పిల్లలకు నేను ఎన్నడూ చెప్పను. ఏది కరిచినా పేరు తేల్చుకోవడానికి ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి, ఇది మొదటి రోజే చెబుతాను.) మన దగ్గర ప్రాణాలు తీసే పాముల్లో ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. బొమ్మల కార్డుల మీద ఈ నాలుగింటినీ మిగతావాటి నుంచి విడదీయడం మా పిల్లలకు ఒక పీరియడ్ పని.

3. చెత్త బుట్ట. తడి (కుళ్లేది), పొడి (కుళ్లనిది), ప్రమాదకరం అని మూడు రకాలుగా ఇంట్లోనే వేరుచేయాలని 2016 నాటి నిబంధనలు చెప్పాయి. రెండు రంగుల బుట్టలిచ్చాం కదా అంటారు. పాలప్యాకెట్టు తడిగా ఉంది, తడి చెత్తలో పడుతోంది. అంతే, ఇంకేం చెప్పను.

4. మా మాటలు. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, చందువ, వంజరం, సొర, టేకు అని మా పిల్లలు చేపల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. సొరకు, టేకుకు ముళ్లుండవు, మెత్తటి ఎముకే ఉంటుందని కూడా చెబుతారు. శాస్త్రజ్ఞులు ఆ రెండింటినీ ఒక గుంపులో పెట్టింది సరిగ్గా అందుకే. అదే పిల్లలు పరీక్షలో ‘మృదులాస్థి చేపలకు రెండు ఉదాహరణలు’ అంటే ఖాళీ వదిలేస్తారు. తెలిసినదానికి ఈ పేరు ఉందని ఎవరూ కలిపి చూపించలేదు. ఒకప్పుడు కలిపినవాళ్లున్నారు. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి, ఇక్కడి వల్లో పడ్డ 200 చేపల వివరాలు రాసుకుని 1803లో పుస్తకం వేశాడు, స్థానికుల పేర్లతో సహా. ఆయన పాముల మీదా రాశాడు. రక్తపింజర శాస్త్రీయ నామంలో ఈనాటికీ ఆయన పేరుంది. కట్లపాము ప్రజాతికి బంగారస్ అని పేరు, అది మన ‘బంగారు పాము’ నుంచి పోయినదే. పొందూరు నేతవాళ్లు పత్తి ఏకడానికి వాడే దవడ వాలుగ చేపది. దాని శాస్త్రీయ నామం వల్లాగో అట్టు, ఒకసారి పైకి చదివి చూడండి. రెండువందల ఏళ్ల కిందట శాస్త్రం మా మాటలను పట్టుకుపోయి పేర్లు పెట్టుకుంది, ఇవాళ అవే మాటలు జవాబుపత్రంలో రాస్తే మార్కు లేదు.

చట్టం సంగతి కూడా గుర్తుచేయాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే, కృత్యాలు, అన్వేషణ ద్వారా పిల్లలు నేర్చుకునేలా పాఠ్యక్రమం, మూల్యాంకనం ఉండాలని ఉంది. 2020 జాతీయ విద్యా విధానం అనుభవపూర్వక అభ్యసనం అంటుంది. ఈ మాటలు మీ సర్క్యులర్లలోనూ ఉంటాయి. గోనెసంచి మీద పోసిన బొత్తాల్లో అవి కనపడినప్పుడే చిక్కొచ్చింది.

నేను కోరుతున్నవి ఇవి:

1. సందర్శకుల పుస్తకంలో ‘కాలయాపన’ అన్న రిమార్కు మీద నా వివరణను చదివి, రాతపూర్వకంగా జవాబివ్వండి. నాది తప్పని తేలితే అదే రాయండి. మౌనం మాత్రం వద్దు. మా బడి చూసి మరో ముగ్గురు మాస్టార్లు మొదలుపెట్టిన పెట్టెలు ఇప్పుడు అటక మీద ఉన్నాయి.

2. ఆరు, ఏడు తరగతుల ప్రతి సైన్సు పరీక్షలో, విడదీసే లెక్కను పిల్లలే ఎంచుకునే ప్రశ్న ఒకటైనా పెట్టండి. పది వస్తువుల పేర్లు ఇవ్వండి, రెండు రకాలుగా విడదీయమనండి, కారణం రాయమనండి. దిద్దేవారికి రెండే సూచనలు చాలు: లెక్క చెప్పాడా, చెప్పిన లెక్కకు చివరిదాకా కట్టుబడ్డాడా. ‘భిన్నమైనది గుర్తించండి’ ప్రశ్నలన్నిటికీ కింద ‘ఎందుకు?’ అని ఒక గీత చేర్చండి. కాగితం ఖర్చు కూడా పెరగదు.

3. స్థానిక పేరు రాసిన జవాబుకు మార్కు ఇవ్వవచ్చని మూల్యాంకన సూచనల్లో ఒక వాక్యం చేర్చండి.

4. డబ్బులు అడగడం లేదు. ల్యాబ్ లేని బడిలో ఒక పెట్టెకు తరగతి గదిలో చోటు ఇవ్వమంటున్నాను. అందులో ఏవి ఉండకూడదో మీరే జాబితా ఇవ్వండి. మేం ఇప్పటికే బ్లేళ్లు, సూదిమందు సిరంజీలు, మాత్రలు, పాత బ్యాటరీలు, ట్యూబులైటు ముక్కలు, పురుగుమందు డబ్బాలు రానివ్వం. డబ్బా మీది గుర్తును కాగితం మీద గీసుకుని రమ్మంటాం.

5. ఉపాధ్యాయుల శిక్షణలో ఒక పూట ప్రొజెక్టర్ ఆపేసి మాస్టార్లతోనే ఈ పని చేయించండి. నేను నలుగురు తోటి ఉపాధ్యాయులతో చేయించి చూశాను. ముప్పావుగంట సేపు పిన్నీసు మీద పోట్లాడుకున్నారు.

తనిఖీలు వద్దని నేను అనడం లేదు. వచ్చినప్పుడు వర్క్‌బుక్‌తో పాటు ఒక పిల్లను నిలబెట్టి ఏదో ఒక వస్తువు చేతికిచ్చి, ఇది ఎక్కడ పెడతావమ్మా అని అడగమంటున్నాను. ఆమె ఏం చెబుతుందో రిమార్కులో రాయండి.

పెట్టె ఇప్పుడు మా ఇంటి వసారాలో ఉంది. తడిసినవి పోగా మిగిలినవి ఆరబెట్టుకున్నాం, పిల్లలు మళ్లీ తెస్తున్నారు. నిన్న ఒకమ్మాయి బుడితి ఇత్తడి గంటె విరిగిన పిడి తెచ్చింది. అయస్కాంతానికి అంటుకోదని పట్టుకోకముందే చెప్పింది. ఏ శనివారమైనా రండి, ముందుగా చెప్పక్కర్లేదు. వచ్చేటప్పుడు మీ జేబులో ఉన్న వస్తువు ఏదైనా ఒకటి తెండి.

ఇట్లు,
ఉద్దానంలో సైన్సు చెప్పే ఒక ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా
(పేరు, బడి వివరాలు నేను పెట్టుకున్న మూడు అర్జీల మీదా ఉన్నాయి.)